ళ దగ్గర ఆగిన గొంతు

పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు తలుపు తీయగానే ఆవిడ చేసే మొదటి పని సున్నా చూడటం. కొత్త ఫాంటు ఏది చేతికొచ్చినా ముందు ఒక్క సున్నా టైపు చేసి, దాన్ని స్క్రీను నిండా పెంచి, తల కాస్త పక్కకు వంచి చూసేది. ఎక్కడైనా సొట్ట పడిందా, కోడిగుడ్డులా సాగిందా, పక్క అక్షరానికి అంటుకుందా, లేక అలిగినట్టు దూరంగా జరిగి కూర్చుందా. "సున్నా చుట్టలేనివాడు మిగతావేం గీస్తాడండీ," అని ఒకసారి పెద్దాయనతో అంది. ఆ రోజు నుంచి ఆఫీసులో ఆవిడ పేరు సున్నా అయిపోయింది.

పెద్దాయనంటే ఆఫీసు యజమాని. ఆఫీసంటే జిరాక్సు షాపు మీద రెండు గదులు. ఒక గదిలో ఆయన ఫోన్లు మాట్లాడుతుంటాడు, రెండో గదిలో ఆవిడ స్క్రీను చూస్తుంటుంది. ప్రోగ్రాములు రాసే మనిషి ఇంటి నుంచే రాస్తాడు. రెండేళ్ళుగా ఆయన ఆవిడకి స్క్రీను మూల వెలిగే ఆకుపచ్చ చుక్క మాత్రమే. చుక్క వెలిగితే ఉన్నట్టు, ఆరితే భోజనానికి లేచినట్టు.

వాళ్ళు చేసేది చిన్న చిన్న వెబ్‌సైట్లు. ఒక బడికి, ఒక సిమెంటు షాపుకి, ఒక కళ్ళజోళ్ళ దుకాణానికి. ఇలాంటివాళ్ళెవరూ ఫాంటు కొనుక్కోరు, ఉచితంగా దొరికేదే కావాలి. మన అక్షరాలకు అలా దొరికేవి చాలా తక్కువ. ఉన్నవాటికి కూడా ఒక్కోదానికి ఒక్కో రోగం. ఒకదానికి ఒత్తులు మరీ పొడుగు, కింది వరుస నెత్తిన కాళ్ళు పెడతాయి. ఒకదానికి లావు అక్షరాలే లేవు, లావు చేయమంటే సిరా ఒలికినట్టు అలుక్కుపోతుంది. ఒకటి ఎంత బరువంటే ఫోనులో పేజీ తెరుచుకునేలోపు మనిషి విసుగొచ్చి వెళ్ళిపోతాడు. ఇంకొకటి చూడముచ్చటగా ఉంటుంది కానీ, లైసెన్సు చివరి పేరా దాకా చదివితే, సొంతానికి వాడుకోవచ్చు గానీ దుకాణానికి వాడకూడదని ఉంటుంది. సున్నా ఆ చివరి పేరాలన్నీ చదివేది. ఏ ఫాంటుతో ఎంతవరకు వేగొచ్చో ఆవిడకి చుట్టాల సంగతి తెలిసినంత బాగా తెలుసు.

వాటిలో ఒకదాని పేరు కొలత. ఉచిత ఫాంట్ల జాబితా నడిపేవాళ్ళు దాని ఎదురుగా ఇలా రాశారు. "బరువు: ఒకటే, లావు రకం లేదు. వాలు అక్షరాలు: లేవు. లైసెన్సు: ఎవరైనా, ఎందుకైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. చదివి వినిపిస్తుంది."

నిజంగానే వినిపిస్తుంది. చూపు వరుస వెంట కదులుతుంటే, మరీ పెద్దగా కాకుండా, ఓ మగ గొంతు ఆ వరుసను చదువుతుంది. చూపు ఆగితే ఆగుతుంది. అరవై దగ్గరపడిన మనిషి గొంతులా ఉండేది. బడి వాళ్ళు సెలవుల నోటీసులకి అదే పెట్టించుకున్నారు. సిమెంటు షాపాయన మాత్రం, "షాపులో ఇప్పటికే గోల ఎక్కువమ్మా, నోరు లేనిది వెయ్యి," అన్నాడు.

సున్నా ఉండేది మూడో అంతస్తులో ఒక గది. అమ్మా నాన్నా లేరు. అన్నయ్య, వదిన ఇంకో ఊళ్ళో ఉన్నారు. ఆదివారం ఫోన్ చేస్తారు. వదిన ఫోన్ ఎప్పుడూ స్పీకర్లో పెట్టి వంటింట్లో పని చేసుకుంటూ, "ఆఁ, ఇంకేంటి?" అంటుంది. ఆ "ఇంకేంటి"కి జవాబు వెతుక్కునేలోపు మిక్సీ తిరుగుతుంది. పెళ్ళి కూడా అయింది ఒకప్పుడు, రెండేళ్ళు నిలిచింది. గొడవలేం లేవు. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడం మెల్లగా మానేశారు. అంతే. ఆ తర్వాత ఒక గురువారం ఆయన తన పెట్టె సర్దుకున్నాడు.

ఏడాది కిందట ఒక పండక్కో దేనికో మూడు రోజులు సెలవొచ్చింది. మూడో రోజు సాయంత్రం కూరగాయల షాపుకెళ్ళి, "అరకిలో ఉల్లిపాయలు," అనబోతే నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. గొంతు సవరించుకున్నా రాలేదు. చివరికి వేలితో చూపించింది. షాపామె జాలిపడి, ఉల్లిపాయలతోపాటు దగ్గు బిళ్ళ ఒకటి చేతిలో పెట్టింది. దగ్గు కాదని, మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని సున్నాకి మెట్లెక్కుతుంటే తట్టింది.

ఆ సాయంత్రమే తన కంప్యూటర్లో ఏ పేజీ తెరిచినా కొలతలోనే కనబడేటట్టు మార్చుకుంది. అప్పటి నుంచి ఆవిడ అన్నం తింటుంటే ఆ గొంతు రేపటి వాన సంగతి చెప్పేది. ఏ వీధుల్లో ఎన్ని గంటలు కరెంటు ఉండదో చెప్పేది. ఎక్కడో ఏనుగు బావిలో పడితే ఎలా తీశారో చెప్పేది. ఆవిడ "అయ్యో" అనేది. వినేవాళ్ళు లేకపోయినా అనేది.

వినగా వినగా ఆ గొంతు లక్షణాలు తెలిశాయి. అ, ఆ, ఇ, ఈ లాంటివి ఖంగుమని పలికేవి. క, ఖ, గ కూడా బాగుండేవి. వర్ణమాలలో కిందికి పోతున్నకొద్దీ గొంతు బరువెక్కేది. స, హ దగ్గరికి వచ్చేసరికి తలుపు సందులోంచి గాలి వీచినట్టుండేది. "సహాయం" అన్న మాట వస్తే ఆవిడ తల కాస్త ముందుకు వంచి వినేది. ళ వచ్చిన చోట ఏమీ పలికేది కాదు, చిన్న గుటక వేసినట్టు ఆగి ముందుకు పోయేది. అదొక లోపమని ఆవిడకి తోచలేదు. మనిషన్నాక గుటక వెయ్యడా?

అది లోపమేనని పళ్ళ డాక్టరు వచ్చి చెప్పాడు.

ఆయన ఆస్పత్రి వెబ్‌సైటు కొలతలో చేసింది సున్నానే. నొప్పితో వచ్చేవాళ్ళకి ఆ గొంతు ధైర్యంగా ఉంటుందనుకుంది. డాక్టరు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు.

"నేను పళ్ళ డాక్టర్నండీ. పదిహేనేళ్ళ నుంచి పళ్ళ డాక్టర్ని. నా పేజీ నన్నేమంటోందో విన్నారా? 'ప… డాక్టర్' అంటోంది. మధ్యలో మింగేస్తోంది. 'చిగు… వాపు' అంటోంది. 'దంత సంర…ణ' అంటోంది. మా అత్తగారు విని, అల్లుడికి ఏదో జబ్బు చేసిందని కూతురికి ఫోన్ చేసింది."

పెద్దాయన రెండో గది వైపు తిరిగి, "సున్నా, ఫాంటు మార్చెయ్యమ్మా," అన్నాడు.

"వద్దండీ," అంది సున్నా.

ఆరేళ్ళలో ఆవిడ "వద్దు" అనడం పెద్దాయన వినలేదు. డాక్టరు కూడా ఆగి చూశాడు. సున్నాకే తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియలేదు.

"బాగు చేయిస్తాను. ఎవరు చేశారో కనుక్కుని బాగు చేయిస్తాను."

"సోమవారం దాకా చూస్తా," అన్నాడు డాక్టరు. "ఆ తర్వాత నోరు లేనిదే పెట్టండి."

ఫాంటు ఫైలుతోపాటు వచ్చిన కాగితంలాంటి ఫైలు ఒకటి ఉంటుంది, ఎవరూ తెరవరు. సున్నా తెరిచింది. అందులో పేరు లేదు, ఈమెయిలు లేదు. ఒక వీధి, ఒక ఇంటి నంబరు ఉన్నాయి. ఊరు ఇదే. ఆఫీసు ముందు బస్సెక్కితే పదకొండో స్టాపు. ఏడాదిగా తనకి అన్నం దగ్గర కబుర్లు చెబుతున్న మనిషి పదకొండు స్టాపుల అవతల ఉన్నాడని తెలిసి ఆవిడ చాలాసేపు ఆ వీధి పేరు వైపే చూస్తూ కూర్చుంది. గొంతు ఆ వీధి పేరును పదే పదే చదివింది.

శనివారం పొద్దున వెళ్ళింది. కింది అంతస్తులో గది. తలుపు తీసింది సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక మనిషి. మెడకి మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ సున్నా గుమ్మంలోనే అప్పజెప్పేసింది. ఫలానా ఆఫీసు నుంచి వచ్చానని, మీ కొలత ఎంతో బాగుంటుందని, చిన్న ఇబ్బంది వచ్చిందని. ఆయన శ్రద్ధగా విని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి పెన్సిల్‌తో రాసి చూపించాడు.

"లోపలికి రండమ్మా. కూర్చోండి."

గొంతు నొప్పి కాబోలనుకుంది. ఆ రాత మాత్రం చూస్తూ ఉండిపోయింది. ఎంత త్వరగా రాసినా ప్రతి అక్షరం అచ్చు గుద్దినట్టుంది. గదిలో ఒక వాలు బల్ల, దాని మీద పొడుగాటి స్కేళ్ళు, గోడలకి పాత మ్యాపులు. నదులు, రోడ్లు, వాటి పక్కన చేత్తో రాసిన ఊళ్ళ పేర్లు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా నక్షాలు గీశాడట.

"మీ ళ పలకడం లేదండీ," అంది సున్నా.

ఆయన కనుబొమలు ముడిచి రాశాడు. "అక్షరం పలకడమేమిటి?"

సున్నాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆయనకి తెలియదు. అక్షరాలు గీసే ప్రోగ్రాములో అవి ఒక్కోటి విడివిడిగా, నోరు మూసుకుని నిలబడి ఉంటాయి. పేజీలో మాటలుగా కలిస్తేనే గొంతు వస్తుంది. ఆయన గీసి, జాబితాలో పెట్టి, మళ్ళీ ఎప్పుడూ తెరిచి చూడలేదు. వాడుకున్నవాళ్ళేమో ఆయనకి తెలిసే ఉంటుందనుకున్నారు.

ఆవిడ లాప్‌టాప్ తీసి, పళ్ళ డాక్టరు పేజీ తెరిచి, ఆయన వైపు తిప్పింది.

ఆయన చూపు మొదటి వరుస మీద పడింది. "నొప్పి వస్తే భయపడకండి," అంది గొంతు. "మేమున్నాం."

ఆయన లేచి నిలబడ్డాడు. లాప్‌టాప్ వెనక్కి వంగి చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మఫ్లరు మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మళ్ళీ చదివాడు. తర్వాత కిందికి పోయి ఆస్పత్రి వేళలు చదివాడు. "ఉదయం పది నుంచి ఒంటి గంట వరకు. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు." చదివి, మళ్ళీ మొదటికొచ్చి చదివాడు. ఆదివారం సెలవన్నదాకా పోయి మళ్ళీ మొదలుపెట్టాడు. సున్నా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఒక మనిషి తన గొంతు తాను వింటున్నప్పుడు చూడకూడదనిపించింది.

చాలాసేపటికి ఆయన పుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. రెండు పేజీలు రాసి ఇచ్చాడు.

నాలుగేళ్ళ కిందట డాక్టర్లు గొంతులో పుండు చూసి, మూడు నెలల తర్వాత ఒక తారీఖు చెప్పారు. ఆ రోజు గొంతు తీసేస్తారు. అప్పటికే ఉద్యోగం అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక, ఊళ్ళ పేర్లు రాసిన చేతిరాతనే ఒక ఫాంటుగా చేద్దామని కూర్చున్నాడు. అ నుంచి వరసగా, రోజుకొకటో రెండో. చిన్నప్పుడు అక్కయ్య నేల మీద సుద్దతో రాయిస్తూ, "పైకి అంటూ రాయి, అనకపోతే నిలవదు," అనేది. ఆ అలవాటుతోనే గీస్తున్నంతసేపూ ఆ అక్షరాన్ని పైకి అంటూనే గీశాడు. డాక్టర్లు ఆ తారీఖు కంటే వారం ముందే రమ్మన్నారు. ఆస్పత్రిలో చేరే ముందు సాయంత్రానికి హ అయింది. ఇంటికొచ్చాక మిగిలిన మూడూ గీశాడు. ళ, క్ష, ఱ.

"అందుకనే…" అంది సున్నా. ఆయన తలూపాడు.

ఆవిడ తను వచ్చిన పని గురించే అడిగింది. "మరి ళ ఏం చేద్దామండీ?"

ఆయన రాశాడు. "నేను గీస్తే మళ్ళీ అంతే అవుతుంది. మీరు గీయండి."

"అమ్మో, నాకు గీయడం రాదండీ. ఎంచుకోవడమే వచ్చు."

"ఎన్ని ఫాంట్లు చూసుంటారు?"

"లెక్క లేదు."

"ఏది బాగాలేదో తెలిసినవాళ్ళకి సగం వచ్చినట్టే. మిగతా సగం నేను చూపిస్తా."

వాలు బల్ల మీద తెల్ల కాగితం పరిచాడు. పెన్సిల్ చెక్కి ఇచ్చాడు. సున్నా గీసిన మొదటి ళ ముడుచుకు పడుకున్న పిల్లిలా వచ్చింది. ఆయన భుజాలు కదిలేట్టు, చప్పుడు లేకుండా నవ్వాడు. రెండోది పర్వాలేదు కానీ, గీసేటప్పుడు ఆవిడ నోరు తెరవలేదు. ఆయన బల్ల మీద వేలితో కొట్టి, తన నోటి వైపు చూపించాడు. పైకి అనాలి.

"ళ," అంది సున్నా. గొంతు గరగరలాడింది. ఆ రోజు ఆయనతో మాట్లాడినంత, ఆ వారం మొత్తంలో ఎవరితోనూ మాట్లాడలేదు. "ళ. ళ." సిగ్గనిపించింది. పరాయి ఇంట్లో కూర్చుని, పొద్దుటి పూట, పసిపిల్లలా ళ ళ అంటోంది. కాసేపటికి సిగ్గు పోయింది. ఆ గీత ఎక్కడ తిరగాలో, తిరిగిన చోట ఎంత లావుండాలో ఆయన వేలితో గాలిలో చూపించేవాడు, ఆవిడ గీసేది, అనేది. ళకి గుడి పెట్టింది, కొమ్ము పెట్టింది, కింద ఒత్తు గీసింది. మధ్యాహ్నం ఆయన రొట్టె, అరటిపండు పెట్టాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. క్ష కూడా అయింది. గీసినవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఆయన కొలతలో కలిపాడు. ఆవిడ ఱ మొదలుపెట్టబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి రాశాడు.

"అది నాకు వదిలెయ్యండి. ఎవరూ వాడరు."

సోమవారం డాక్టరు మళ్ళీ మెట్లెక్కి వచ్చి, పేజీ ముందు కూర్చుని రెండుసార్లు విన్నాడు. "పళ్ళ" అన్న చోట మగ గొంతు సగం అని ఆగితే, ఒక ఆడ గొంతు అందుకుని పూర్తి చేసింది.

"మధ్యలో ఆవిడెవరో అందుకుంటున్నారే," అన్నాడు డాక్టరు.

"అవునండీ," అంది సున్నా, తల ఎత్తకుండా.

డాక్టరు మూడోసారి కూడా విన్నాడు. "మా నర్సూ ఇంతే. నేను మొదలుపెడితే తను పూర్తి చేస్తుంది. ఉండనివ్వండి."

అంతటితో పని అయిపోయింది. ఇక ఆ ఇంటికి వెళ్ళడానికి కారణమేమీ లేదు. ఆ వారమంతా సున్నా ఒక పెళ్ళి హాలు వాళ్ళకి ఫాంటు వెతికింది. సాయంత్రాలు అన్నం తింటూ వార్తలు తెరిచేది. "నీళ్ళు" అన్న మాట వచ్చినప్పుడు తన గొంతు తనకే వినబడి, తినడం ఆపేసేది. బాగుందనీ కాదు, బాగాలేదనీ కాదు. గదిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది, ఆ ఇద్దరిలో ఒకరు తనైనా సరే తను బయటే ఉన్నట్టుండేది.

శనివారం కారణం లేకుండానే బస్సెక్కింది. డ్రాఫ్ట్స్‌మన్ ఆవిడ వస్తుందని తెలిసినట్టే ఒక కాగితం రాసి పెట్టుకున్నాడు. మడత విప్పి ఇచ్చాడు.

అది వాళ్ళ అక్కయ్య సంగతి. అక్షరాలు నేర్పిన అక్కయ్య. ఆయనకి ఆపరేషనయిన ఏడాదే ఆవిడ చూపు పూర్తిగా పోయింది. పోయిన భర్త తరఫువాళ్ళింట్లో ఉంటోంది, రైల్లో ఆరు గంటల దూరం. ఆయన ఒకసారి వెళ్ళాడు. అక్కయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ అడుగుతూ పోయింది. ఆయన రాసింది ఆవిడకి కనబడదు, ఆవిడ అడిగినదానికి ఆయన చెప్పలేడు. ఇంట్లో వాళ్ళని చదివి వినిపించమంటే, పేజీ నిండా రాసింది చూసి, "బాగానే ఉన్నాట్ట," అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రెండో రోజుకి ఆవిడ విసిగిపోయి, "నోరు లేనివాడివి ఎందుకొచ్చావురా," అంది. ఆయన ఆ మధ్యాహ్నం బండికే తిరిగొచ్చేశాడు. తర్వాత ఒకసారి ఫోనులో మరమనిషి గొంతుతో చదివించే ఏర్పాటు చేసుకుని ఫోన్ చేస్తే, "మాకేమీ వద్దు బాబూ," అని పెట్టేసింది. ఏ కంపెనీ వాళ్ళో అమ్మకానికి చేశారనుకుంది.

చివరి వరుసలో ఒకే ప్రశ్న ఉంది. "ఫోనులో వినబడుతుందా?"

"వినబడుతుందండీ. ఎందుకు వినబడదు?"

సున్నా పది నిమిషాల్లో పేజీ తయారుచేసింది. అందులో ఏమీ లేదు, ఒక ఖాళీ గడి, అంతే. అందులో టైపు చేస్తే మాట కొలతలో పడుతుంది, పడగానే పలుకుతుంది. అక్కయ్య నంబరు నొక్కి, ఫోను స్పీకర్లో ఉంచి లాప్‌టాప్ పక్కన పెట్టింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎవరూ?" అంది అవతల ముసలి గొంతు.

సున్నా కీబోర్డు ఆయన వైపు జరిపింది. ఆయన రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు.

"అక్కయ్యా. నేను. చిన్నోణ్ణి."

అవతల ఎక్కడో కుక్కరు కూత వచ్చి ఆగింది.

"నీ గొంతు తీసేశారన్నారు కదరా?"

"తీసేశారు. అంతకుముందు కొంచెం దాచాను. దాచినట్టు నాకూ తెలియదు."

"చిన్నోడా." ఆవిడ ఊపిరి వినబడింది. "నువ్వు వెళ్ళిపోయిన రోజు నేనొక మాటన్నాను."

"గుర్తు లేదు."

"అబద్ధం. చిన్నప్పుడూ అంతే, అబద్ధమాడితే రెండు ముక్కల్లో ఆపేసేవాడివి." ముక్కు చీదుకున్న చప్పుడు. "ఇంత నెమ్మదిగా మాట్లాడతావేంట్రా? చెప్పు, ఇంకా చెప్పు. నేనెక్కడికీ పోను."

ఆయన చెప్పాడు. ఏం తింటున్నాడో, ఏ వేపు కిటికీ తీస్తే గాలి వస్తుందో, సర్వే ఆఫీసులో ఎవరెవరు పోయారో, ఎవరింకా ఉన్నారో. "స" వచ్చినప్పుడల్లా అవతల ఆవిడ, "గట్టిగా," అనేది. ఆయన మళ్ళీ కొట్టేవాడు. మళ్ళీ కొట్టినా అది అంతే పలికేది. సున్నా లేచి వెళ్ళిపోదామనుకుంది, ఇది తనకి సంబంధించింది కాదు. చెప్పులు గుమ్మం దగ్గరున్నాయి. లేవబోతుండగా ఆయన టైపు చేశాడు.

"నీ కళ్ళు నొప్పి పెడుతున్నాయా?"

"ఆగు," అంది అక్కయ్య. "మధ్యలో ఎవర్రా అది?"

ఆయన వేళ్ళు ఆగాయి.

"కళ్ళు అన్నప్పుడు. ఎవరో ఆడపిల్ల అంది. నాకు చూపు పోయింది గానీ చెవులున్నాయి. ఎవరు?"

ఆయన సున్నా వైపు చూసి, నెమ్మదిగా కొట్టాడు. "నాకు ళ పలకదు. ఆ అమ్మాయి పలుకుతుంది."

"ఒక్క అక్షరమేనా?"

"క్ష కూడా."

"రెండంటే రెండా? పాపం, రెండక్షరాలతో ఎలా సరిపెట్టుకుంటోందిరా? ఇవ్వు, తనకివ్వు."

సున్నా ఫోను తీసుకుంది. "నమస్కారమండీ," అంది. అవతలావిడ, ఏ ఇంటి పిల్లవి అని అడగలేదు, పెళ్ళయిందా అని అడగలేదు. "పొద్దున ఏం తిన్నావు?" అనడిగింది. సున్నా చెప్పింది. "అదేం తిండి?" అంది. తర్వాత బస్సులో సీటు దొరికిందా అనడిగింది. దొరకలేదని చెప్పింది. ఎందుకు దొరకలేదో కూడా చెప్పింది, శనివారం సంతకెళ్ళేవాళ్ళుంటారని, ఒకామె కోడిని ఒళ్ళో పెట్టుకుని ఇద్దరి సీటులో కూర్చుందని. అవతల నవ్వు వినబడింది. సున్నా ఇంకా చెప్పింది. కాసేపటికి డ్రాఫ్ట్స్‌మన్ తన వంతు ఇప్పట్లో రాదని తేల్చుకుని, కీబోర్డు పక్కకి జరిపి, మ్యాపుల దుమ్ము దులుపుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం అలాగే జరిగింది. నాలుగో శనివారం అక్కయ్య, "ఇక్కడ నేను గది మూల రేడియోలా ఉన్నానురా. ఎవరికి తీరికుంటే వాళ్ళు వచ్చి రెండు నిమిషాలు తిప్పి పోతారు," అంది. ఆయన ఒకే మాట కొట్టాడు. "వచ్చెయ్."

"వస్తే ఏం చేస్తాం? నువ్వు చెప్పలేవు, నేను చూడలేను."

"నేను టైపు చేస్తా. నువ్వు విను."

"సరే," అంది ఆవిడ. "ఆదివారం బండి ఉందేమో కనుక్కో."

ఆదివారం పదకొండు గంటల బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఇంట్లో వాళ్ళు ఆవిడని ఏడో పెట్టెలో ఎక్కించామన్నారు. సున్నా, ఆయన ఏడో పెట్టె ఆగే చోట నిలబడ్డారు. అందులోంచి ఆవిడ దిగలేదు. జనం తోసుకుంటూ దిగారు, మూటలు, పెట్టెలు, ఏడ్చే పిల్లలు. ఆయన పొడుగు మనిషి కాబట్టి ముందు ఆయనే చూశాడు. చాలా దూరంలో, చివరి పెట్టె దగ్గర, చేతిలో సంచితో, రెండో చెయ్యి గాలిలో ముందుకు చాపి, ఒక ముసలావిడ నడుస్తోంది. ఎవరో దించి వెళ్ళిపోయినట్టున్నారు. ఆవిడ బయటికి పోయే దారి వైపు కాకుండా ఎదురు దిక్కుకు నడుస్తోంది. అక్కడ ప్లాట్‌ఫారం అయిపోతుంది, దాని తర్వాత పట్టాలు.

ఆయన నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఏమీ రాలేదు. జనంలోంచి పరిగెత్తబోతే ఒక ట్రాలీ అడ్డం వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి సున్నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

ఏమని పిలవాలో ఆవిడకి తెలియదు. ఫోనులో ఎప్పుడూ "అండీ" అనే సరిపెట్టుకుంది. పిలవడానికి ఆవిడకంటూ ఆ వరస మనిషి ఎవరూ లేరు.

"అక్కయ్యా!"

మైకులో ఏదో బండి సంగతి చెబుతున్నారు, మాట అందులో కొట్టుకుపోయింది. ముసలావిడ ఇంకో నాలుగడుగులు వేసింది.

"అక్కయ్యా!" అని అరిచింది సున్నా. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ అనుకుంది. చేతిసంచి కింద పడేసి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, తన ఒంట్లో అంత గొంతు ఉందని తనకే తెలియనంత గట్టిగా అరిచింది. "అక్కయ్యా! ఆగండి! అటు కాదు, వెనక్కి! మేం ఇక్కడున్నాం!"

ముసలావిడ ఆగింది. చాపిన చెయ్యి గాలిలో అలాగే ఉంది. మెల్లగా వెనక్కి తిరిగి, తల కాస్త పక్కకి వంచి, జనం మధ్యలోంచి దేన్నో ఏరుకుంటున్నట్టు విన్నది. తర్వాత ముఖం విప్పారింది.

"నువ్వేనా?" అని అక్కడి నుంచే కేకేసింది. "ఇంకోసారి పిలువమ్మా! ఎటు రావాలో తెలియాలి కదా!"

సున్నా పిలుస్తూ, ఆవిడ వైపు నడిచింది.